రెక్కలపై రాజముద్ర

శంషాబాదునుండి నడిరేయి బయలుదేరి అరేబియా సముద్రమును దాటి దుబాయి చేరు ఒక భారతీయ విమానమును ఊహింపుడు. దాని మేనిపై వీటీ అను అక్షరములతో మొదలగు నమోదుచిహ్నము ఉండును. దానిని నడుపు కెప్టెను, పౌరవిమానయాన మహానిర్దేశాలయము, అనగా అందరును డీజీసీఏ అని పిలుచు ప్రభుత్వకార్యాలయము, ఇచ్చిన లైసెన్సుతో ఎమిరేట్ల గగనతలమున ప్రవేశించును, అచటి నియంత్రకులతో సంభాషించును, దిగును, తెల్లవారకముందే తిరుగుప్రయాణమునకు సిద్ధపడును. నీ లైసెన్సు మా దేశపుది కాదు గదా యని ఆయనను ఎవరును ప్రశ్నింపరు. అదే కెప్టెను కొన్నాళ్లకు ఆ ఉద్యోగమును మానుకొని, అదే రన్‌వేమీద, అదే నమూనాకు చెందినదే యైనను ఏ6 అను చిహ్నముగల ఎమిరేట్ల విమానమున ఎడమవైపు ఆసనమును అధిష్ఠింపగోరినచో, ఆ లైసెన్సు దానంతట అది ఆయనకు అక్కరకు రాదు. ఆకాశము మారలేదు, యంత్రము మారలేదు, మనిషియు మారలేదు. మారినవి విమానపు మేనిమీది అక్షరములు మాత్రమే.

ఈ వైచిత్ర్యమునకు మూలము చోదకుని నేర్పునందు లేదు, విమానపు జాతీయతయందు ఉన్నది. 1944 డిసెంబరు 7వ తేదీన షికాగో నగరమున 52 దేశములవారు సంతకము చేసిన అంతర్జాతీయ పౌరవిమానయాన ఒడంబడికలో 32వ అధికరణము, దేశాంతరము పోవు ప్రతి విమానమును నడుపువారికిని, ఆ విమానము ఏ రాజ్యమున నమోదైనదో ఆ రాజ్యమే ఇచ్చిన, లేదా ఆ రాజ్యమే చెల్లునట్లు చేసిన లైసెన్సు ఉండవలెనని విధించుచున్నది. అట్టి లైసెన్సు అంతర్జాతీయముగా అంగీకరింపబడిన కనీసప్రమాణములకు తీసిపోనంతవరకు తక్కిన రాజ్యములన్నియు దానిని మన్నింపవలెనని 33వ అధికరణము చెప్పుచున్నది. మన కెప్టెను దుబాయిలో నిరాటంకముగా దిగగలుగుట ఈ రెండవ అధికరణపు చలువ. ఐతే, ఒక రాజ్యపు లైసెన్సు గలవానికి మరియొక రాజ్యము తన లైసెన్సును ఇచ్చి తీరవలెనను మాట ఆ ఒడంబడికలో ఎక్కడను లేదు. చెల్లునట్లు చేయుటయో, చేయకపోవుటయో, చేసినచో ఏ షరతులపై చేయుటయో అంతయు ఆయా రాజ్యముల ఇచ్ఛకే విడువబడినది. విదేశములకు వలసపోవు పైలట్లు పడు పాట్లన్నియు ఈ ఒక్క మౌనమునుండి పుట్టినవి.

ఆ మౌనము ఏమరుపాటున ఏర్పడినది కాదు. విమానయానపు తొలినాళ్లలో ఎగురుట ఒక సాహసక్రీడ. నేర్చినవానికి క్రీడాసంఘములే పత్రము ఇచ్చెడివి. జె.ఆర్.డి. టాటా 1929 ఫిబ్రవరి 10వ తేదీన పొందిన పత్రముపై ఒకటవ సంఖ్య ఉన్నది. దాని నిచ్చినది ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా అండ్ బర్మా అను సంఘము. కాని మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన వెంటనే, 1919లో పారిస్ నగరమున కుదిరిన ఒడంబడిక, ప్రతి రాజ్యమునకును తన భూమిపైనున్న ఆకాశముమీద సంపూర్ణాధికారము కలదని ప్రకటించెను. ఆకాశమే రాజ్యము సొత్తైన పిమ్మట దానిలో విహరించువాని యోగ్యతను నిర్ణయించు హక్కును ఆ రాజ్యము వదలుకొనునా? షికాగో ఒడంబడిక ఆ హక్కునకు భంగము కలుగనీయకయే, ఇకావో అను సంక్షిప్తనామముతో ప్రసిద్ధమైన అంతర్జాతీయ సంస్థను నెలకొల్పెను. ఆ సంస్థ సిబ్బంది లైసెన్సులకు సంబంధించిన మొదటి అనుబంధమును 1948లో వెలువరించెను. ఆ అనుబంధము విధించునవి కనీసప్రమాణములు మాత్రమే. అంతకుమించి కోరుటకు ఏ రాజ్యమునకైనను స్వేచ్ఛ కలదు. 38వ అధికరణము ప్రకారము, తన నియమములు వేరుగా ఉన్నవని తెలియజేసి తప్పుకొనుటకును అవకాశము కలదు. ఒకే ప్రమాణమని పైకి కనబడుదాని క్రింద ఇన్ని దేశముల ఇన్ని పద్ధతులు పెరుగుటకు ఇదియే హేతువు.

పైలట్ల సంభాషణలలో వాలిడేషన్, కన్వర్షన్ అను రెండు మాటలు నిత్యము వినవచ్చుచుండును. విషయమంతయు ఈ రెండింటి భేదమునందే ఇమిడియున్నది గనుక ఇచట కొంత నిలిచి చూడవలసియున్నది. మొదటిది, పాత లైసెన్సునే ఆధారముగా గైకొని, కొంత కాలమునకు, కొన్ని నమూనాల విమానములకు, తరచుగా ఒక్క యజమానివద్ద పనిచేయుటకు మాత్రమే ఇచ్చు అనుమతి. రెండవది, కొత్త రాజ్యము తన పేరిట, తన ముద్రతో ఇచ్చు స్వతంత్రమైన లైసెన్సు. అద్దె యింటికిని సొంత యింటికిని గల భేదము వంటిది ఇది: మొదటిదానిలో చేరుట సులభము, వెడలగొట్టబడుటయు సులభమే. స్వదేశపు లైసెన్సు గడువు తీరినచో వాలిడేషన్ దానితోనే తీరిపోవును. యజమాని పొమ్మన్ననాడు దానితో మరియొకచోట చేరుటకును వీలుండదు. కన్వర్షన్ ఐనచో కాలమును ధనమును విశేషముగా హరించును గాని, పొందిన తరువాత అది చోదకుని సొత్తు. విదేశీ కొలువు దొరికినదను సంతోషములో యువకులు చాలమంది ఈ రెండింటిలో తమకు లభించునది ఏదో విచారింపరు. 2020లో మహమ్మారి విమానములను నేలకు దింపినపుడు, పలు దేశములలో మొదట ఉద్యోగము పోగొట్టుకొన్న విదేశీ చోదకులకు ఆ భేదము చక్కగా తెలిసివచ్చెను.

మన దేశమునకు వచ్చు విదేశీ కెప్టెన్లకు డీజీసీఏ ఇచ్చు తాత్కాలికానుమతి, ఫాటా అని వ్యవహారమున నున్నది, మొదటి జాతికి చెందినదే. ఈ శతాబ్దపు తొలి దశకమున మన విమానసంస్థలు ఒక్కుమ్మడిగా విస్తరించినపుడు, కో-పైలట్లుగా చేరగోరువారు ఎందరో ఉండియు, వారిని నడపగల కెప్టెన్లు చాలక, విదేశీయులు ఈ అనుమతితోనే మన కాక్‌పిట్లలో కూర్చుండిరి. వారిని క్రమముగా తగ్గింపవలెనని ప్రభుత్వము పెట్టిన గడువులు మరల మరల పొడిగింపబడెను. అవసరము బలవత్తరమైనపుడు రాజ్యముల అభిమానము కొంత మెత్తబడుననుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

మూడవ మార్గము ఒకటి కలదు; అది లైసెన్సు ప్రశ్నను దాటిపోవు ఉపాయము. విమానమును దాని సిబ్బందితో సహా అద్దెకు తెచ్చినచో, నమోదు మారదు గనుక చోదకుని లైసెన్సు మార్చవలసిన పని ఉండదు. నేడు ప్రపంచములోని మహాసంస్థలలో ఒకటైన ఎమిరేట్స్, 1985 అక్టోబరు 25వ తేదీన దుబాయినుండి కరాచీకి తన మొదటి విమానమును నడపినపుడు, ఆ విమానము పాకిస్తాన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్‌నుండి అద్దెకు తెచ్చినదే. ఈ సంగతి మరల ప్రస్తావనకు వచ్చును.

గల్ఫ్ దేశముల విధానము మన పైలట్లకు మిక్కిలి అనుకూలమైనది. స్వదేశ జనసంఖ్య స్వల్పమై, విమానముల సంఖ్య అపారమైన చోట పరదేశి చోదకుడు లేక వ్యాపారమే సాగదు. కావున ఎమిరేట్ల పౌరవిమానయానాధికారసంస్థ, 1500 గంటల యానానుభవముతో లభించు ఏటీపీఎల్ అను అత్యున్నత లైసెన్సును ఇకావో సభ్యరాజ్యమునుండి పొందినవారిని ఆదరించుచు, మొదటినుండి శాస్త్రపాఠములన్నిటిని వారిచే మరల వల్లెవేయింపక, లైసెన్సు యథార్థతను స్వదేశమునుండి నిర్ధారించుకొని, తన వైద్యపరీక్షయు, తన నియమములపై పరీక్షయు, సిమ్యులేటర్‌లో నైపుణ్యపరీక్షయు జరిపి, తన లైసెన్సు నిచ్చుచున్నది. ఈ వ్యవహారమునంతయు సాధారణముగా విమానసంస్థయే నడపించును. చోదకుడు కాగితములు సమకూర్చి ఇచ్చుటతో సరిపోవును. ఆదాయపు పన్ను లేని జీతము, ఇంటినుండి నాలుగు గంటల దూరము, పిల్లలకు భారతీయ పాఠశాలలు: మనవారి చూపు మొదట పడమటి దిక్కునకే మరలుటలో ఆశ్చర్యము లేదు.

ఐరోపా మార్గము దీనికి సంపూర్ణముగా భిన్నము. ఐరోపా సమాజపు విమానభద్రతాసంస్థ, ఈయాసా అని పిలువబడునది, పరదేశపు ఏటీపీఎల్ గలవాడు పదివేల గంటలు ఎగిరినవాడైనను, తన లైసెన్సు కావలెనన్నచో, పదమూడు విషయములలో శాస్త్రపరీక్షలు వ్రాసి, ప్రతిదానిలో నూటికి 75 మార్కులు తెచ్చుకొని తీరవలెనని శాసించుచున్నది. విమానయాననియమములు, వాతావరణశాస్త్రము, నావికాగణితము, ఇంజనులు, పరికరములు, విమానపు బరువు సమతౌల్యము, మానవదేహమనస్తత్త్వముల పరిమితులు మున్నగునవన్నియు అందులో కలవు. అనుభవమును బట్టి శిక్షణ కొంత తగ్గింపబడవచ్చును గాని, పరీక్షలు తగ్గవు. నలువది యేండ్లు దాటిన కెప్టెను, రాత్రివేళ సుదూరయానములు చేసి వచ్చి, హోటలు గదిలో కూర్చుండి, ఇరువదేండ్ల విద్యార్థులు చదువు ప్రశ్నావళులను కంఠస్థము చేయుట ఈ నియమపు ఫలితము.

ఇది ఆసియావాసులపై చూపు పక్షపాతమని కొందరందురు. ఆ మాట నిలువదనుటకు బ్రిటను కథ చాలును. ఐరోపా సమాజములో ఉన్నంతకాలము బ్రిటిషు లైసెన్సు ఆ సమాజమంతటను చెల్లెడిది. నిజమునకు ఐరోపా లైసెన్సు పాఠ్యప్రణాళికలో బ్రిటిషువారి హస్తము విశేషముగా కలదు. 2020 డిసెంబరు 31వ తేదీ నడిరేయితో ఆ బంధము తెగెను. మరునాడు ఐర్లండులోనో, ఆస్ట్రియాలోనో నమోదైన విమానమును నడపుటకు బ్రిటిషు లైసెన్సు పనికిరాక పోయెను. నిన్నటివరకు అదే పరీక్షను అదే ప్రశ్నలతో ఉత్తీర్ణులైనవారే ఇప్పుడు మూడవదేశపు వారు! ముందుచూపు గలవారు ఆ గడువునకు ముందే తమ లైసెన్సు పత్రములను ఐర్లండు, ఆస్ట్రియా మొదలగు దేశముల అధికారసంస్థలకు బదిలీ చేయించుకొనిరి. ఈజీజెట్ సంస్థ 2017లోనే ఆస్ట్రియాలో ఒక శాఖాసంస్థను స్థాపించి, విమానములను చోదకులను అచటికి మార్చుటకు పూనుకొనెను. బ్రిటను మాత్రము ఐరోపావారి లైసెన్సులను మరి రెండేండ్లు మన్నించెను. ఆ ఔదార్యమునకు ఐరోపానుండి ప్రత్యుపకారము లభింపలేదు. ఒక్క చోదకుని నేర్పును ఆ రాత్రి ఎవరును తగ్గించి చూడలేదు. రాజ్యముల నడుమ ఒడంబడిక తీరినది, అంతమాత్రమే. లైసెన్సు మార్పిడిలో తూచబడునది మనిషి కంటె మిన్నగా, ఒక రాజ్యమునకు మరియొక రాజ్యముపై గల నమ్మకమని దీనికంటె స్పష్టముగా చూపు ఘటన నాకు కనబడదు.

అమెరికా సంగతి వేరు. అచట పరీక్షలకంటె ద్వారపాలకులు కఠినులు. విదేశీ లైసెన్సు చూపినంతనే అమెరికా విమానయానాధికారసంస్థ ఎఫ్‌ఏఏ ఒక ప్రైవేటు పైలటు పత్రమును సులభముగా ఇచ్చును గాని, దానితో జీతమునకు ఎగురరాదు. ఏటీపీ అను పత్రమునకు విదేశీ లైసెన్సు గలవారు నేరుగా అర్హులే. 1500 గంటలు, తరగతి పాఠములును సిమ్యులేటర్ శిక్షణయు గల ఒక నిర్బంధ కోర్సు, ఒక వ్రాతపరీక్ష, ఒక నైపుణ్యపరీక్ష ముగించినచో చాలును. ఐరోపా పదమూడింటితో పోల్చినచో ఇది స్వల్పము. అసలు అడ్డంకి ఆ తరువాత ఎదురగును. సాఫ్ట్‌వేరు ఇంజనీర్లుగా గుంటూరునుండియు కరీంనగరునుండియు వేలమందిని కొనిపోయిన హెచ్-1బి మార్గము, పట్టభద్రత నిర్బంధము కాని పైలటు వృత్తికి సాధారణముగా తెరువబడదు. అచటి శాశ్వతనివాసపు హక్కు లేనివానికి విమానసంస్థలు మిక్కిలి అరుదుగా గాని కొలువు ఇయ్యవు. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబములలో రెండవ తరమువారు కాక్‌పిట్ చేరుటయు, హైదరాబాదులో శిక్షణ ముగించిన వారి పెత్తండ్రి బిడ్డలు చేరలేకపోవుటయు ఈ కారణముననే.

ఇరుగుపొరుగు దేశములు ఒండొంటిని నమ్మినచోట వ్యవహారము ఎంత సులువగునో చూచుటకు రెండు ఉదాహరణములు చాలును. అమెరికా, కెనడాలు 2006లో చేసికొన్న ఏర్పాటు ననుసరించి ఒకరి వాణిజ్య లైసెన్సును మరియొకరు సంక్షిప్త పరీక్షతో తమదిగా మార్చియిత్తురు. ఆస్ట్రేలియా, న్యూజీలండులు వృత్తులన్నిటికి వర్తించు పరస్పరాంగీకారశాసనముక్రిందనే పైలట్లనుకూడ చేర్చినవి. ఇక చైనా, 2010 తరువాతి సంవత్సరములలో విదేశీ కెప్టెన్లకు అబ్బురపరచు జీతములు చూపి పిలిచెను గాని, అచటి వైద్యపరీక్షల కాఠిన్యము పైలట్లలో కథలు కథలుగా చెప్పుకొనబడినది; అందు సొంత యిల్లు దొరకినవారు అరుదు.

వెలుపలికి పోవువారి మాట యింత వరకు. మన ఇండ్లలో ఎక్కువగా చర్చకు వచ్చునది ఇందుకు విపరీతమైన ప్రయాణము: శిక్షణకై విదేశమునకు పోయి, ఆ దేశపు లైసెన్సుతో తిరిగి వచ్చి, దానిని భారతీయ లైసెన్సుగా మార్చుకొనుట. బేగంపేటలో శిక్షణసంస్థలు ఉన్నను, రాయ్‌బరేలి సమీపమున ఫుర్సత్‌గంజ్‌లో ప్రభుత్వ అకాడమీ ఉన్నను, ఇచట విమానముల కొరత, వర్షకాలపు జాప్యము, గగనతలపు రద్దీ చూచి, మన తల్లిదండ్రులు పొలమో ఇంటిస్థలమో కుదువబెట్టి పిల్లలను అమెరికాకో, కెనడాకో, న్యూజీలండునకో, దక్షిణాఫ్రికాకో, ఫిలిప్పీన్సునకో పంపుచున్నారు. ఒక సంవత్సరము గడచునప్పటికి బిడ్డ చేతిలో విదేశీ లైసెన్సు ఉండును. దానితో నేరుగా విమానసంస్థలో చేరవచ్చునని తలచినవారికి నిరాశ తప్పదు.

మొదటి గండము లాగ్‌బుక్‌లో ఉన్నది. భారతీయ వాణిజ్య లైసెన్సునకు 200 గంటల యానమును, అందులో 100 గంటలు విమానాధిపతిగా స్వయముగా నడపినదియు కావలెను. అమెరికా నియమములలో విమానాధిపత్యపు లెక్క మనకంటె ఉదారము: ఒకడు కన్నులకు అడ్డు కట్టుకొని పరికరముల ఆధారమున నడపుచుండగా, ప్రక్కన వెలుపలికి చూచుచు కాపలాగా కూర్చున్న రెండవవాడును ఆ గంటను తన ఆధిపత్యముగా వ్రాసికొనవచ్చును. ఒకే సెస్నా శిక్షణవిమానములో ఇరువురు అధిపతులు! ఖర్చు తగ్గునని శిక్షణార్థులు ఇట్లు గంటలు పంచుకొందురు. తిరిగి వచ్చి డీజీసీఏకు దరఖాస్తు పెట్టినపుడు అట్టి గంటలు లెక్కకు రావు; కొరవడిన గంటలను ఇచట రెట్టింపు ఖర్చుతో పూడ్చుకొనవలసి వచ్చును. పోవుటకు ముందే భారతీయ నియమములను చేత బట్టుకొని, గంట గంటను వానికి సరిపోవునట్లు ఎగురవలెనని ఆ శిక్షణార్థులకు చెప్పువారు అరుదు. దళారులు ఎంతమాత్రము చెప్పరు.

రెండవ గండము చదువులోనిది. డీజీసీఏ ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రము, గణితము అడుగును. ఎం.పి.సి. చదివినవారికి చింత లేదు, బై.పి.సి. వారును, సి.ఇ.సి. వారును ఓపెన్ స్కూలులో లోపించిన విషయములను వ్రాసి తెచ్చుకొనవలెను. అమెరికాలో ఈ షరతు లేదు గనుక, లైసెన్సు చేతికి వచ్చిన తరువాత గణితపు పరీక్షకు కూర్చున్నవారు కలరు. ఈ నిబంధన నేటికి అవసరమా అను చర్చ ఇటీవల సాగుచున్నది. నాకు మాత్రము, తక్కిన దేశములలో ఇది లేకయే విమానములు ఎగురుచుండగా, ఇచట దీనిని పట్టుకొని యుండుటకు అలవాటు తప్ప వేరు హేతువు కనబడదు.

తరువాత పరీక్షలు. విదేశీ లైసెన్సు గలవారికి నావికాశాస్త్రమును వాతావరణశాస్త్రమును కలిపి ఒకే పత్రముగా పెట్టుదురు. విమానయాననియమములపై వేరొక పత్రము. రెండింటను నూటికి 70 రావలెను. ఆర్.టి.ఆర్. అను రేడియో పరీక్ష, చిరకాలము టెలికం శాఖ చేతులలో ఉండి, దాని మౌఖికభాగము విద్యార్థులకు సింహస్వప్నమై యుండెను. 1934 నాటి విమానచట్టమునకు మారుగా 2025 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ వాయుయాన అధినియమము ఆ అధికారమును పౌరవిమానయానశాఖకే అప్పగించినది. మొదటి తరగతి వైద్యపరీక్షను మాత్రము పోవుటకు ముందే చేయించుకొనుట వివేకము. వర్ణాంధత్వము వంటి లోపము అరకోటి రూపాయలు వ్యయమైన పిమ్మట బయటపడినచో తీర్చువారెవరు? ఇన్నియు ముగిసినను, అమెరికా లైసెన్సు నిజమైనదే యని ఓక్లహామా సిటీలోని ఎఫ్‌ఏఏ కార్యాలయము ధ్రువీకరించువరకు దరఖాస్తు కదలదు.

చేతికి వచ్చిన అలవాట్లు మార్చుకొనుట వేరొక శ్రమ. అమెరికాలో వాయుపీడనమును పాదరసపు అంగుళములలో చెప్పుదురు, ఇచట హెక్టోపాస్కలులలో. అచట దృశ్యదూరము మైళ్లలో, ఇచట మీటర్లలో. కాగితముమీద స్వల్పమైన ఈ భేదములు, వాన కురియుచున్న రాత్రి దిగుటకు సిద్ధపడు కొత్త చోదకుని మెదడులో స్వల్పములు కావు.

ఇంతటి అనుమానమేల యని విసుగు చెందువారికి చరిత్ర సమాధానము చెప్పుచున్నది. 1996 నవంబరు 12వ తేదీ సాయంసమయమున హర్యానాలోని చర్ఖీ దాద్రి గ్రామముల మీద, ఢిల్లీనుండి లేచిన సౌదీ బోయింగు విమానమును, ఢిల్లీకి దిగుచున్న కజకిస్తాన్ విమానమును ఢీకొని 349 మంది మరణించిరి. పదునైదువేల అడుగులవద్ద నిలువవలసిన కజక్ విమానము సౌదీ విమానమునకు కేటాయించిన పదునాలుగువేలకు దిగెను. ఆ సిబ్బందికి ఆంగ్లము అంతంతమాత్రముగా వచ్చుట కారణములలో ఒకటిగా ఎంచబడినది. ఆ విమానచోదకుల లైసెన్సులు చెల్లునవే. వారు భారతగగనమున ప్రవేశించుటకు 33వ అధికరణము తలుపు తెరచియే యున్నది. 1998లో ఇకావో మహాసభ భాషాప్రావీణ్యమును బలపరుపవలెనని తీర్మానించుటయు, 2008 మార్చినుండి అంతర్జాతీయచోదకులందరికి నాల్గవ స్థాయి ఆంగ్లము నిర్బంధమగుటయు ఇట్టి దుర్ఘటనల ఫలితములు. నేడు ఏ దేశమునకు పోయినను లైసెన్సుపై భాషాస్థాయి వ్రాసి యుండవలెను. ఇకావో సూచన ననుసరించి నాల్గవ స్థాయివారు మూడేండ్లకొకసారి మరల పరీక్షకు నిలువవలెను.

భాష ఒక్కటియే కాదు, లైసెన్సు యథార్థతయే సందేహాస్పదమైన సందర్భములు కలవు. 2011లో మన దేశముననే నకిలీ మార్కులపత్రములతో లైసెన్సులు పొందిన పైలట్లు కొందరు పట్టుబడిరి. 2020 మే నెలలో కరాచీవద్ద విమానము కూలిన తరువాత, పాకిస్తాన్ విమానయానమంత్రి జూన్ 24వ తేదీన తమ జాతీయసభలో నిలిచి, దేశములోని 860 మంది పైలట్లలో 262 మంది లైసెన్సులు సందేహాస్పదములని ప్రకటించెను. తరువాతి విచారణలో వారిలో పలువురు నిర్దోషులుగా తేలిరి. కాని మాట వెలువడిన వారము దినములలోనే ఐరోపా ఆ దేశపు జాతీయవిమానసంస్థకు ప్రవేశమును నిలిపివేసెను. ఆ నిషేధము 2024 నవంబరువరకు తొలగలేదు. పలు దేశములు తమవద్ద కొలువులో నున్న పాకిస్తానీ పైలట్ల పత్రములను తిరుగ పరిశీలింపజొచ్చెను. అందు ఎమిరేట్లు ఒకటి. ముప్పదియైదేండ్ల క్రిందట అద్దెకు తెచ్చుకొన్న కరాచీ విమానముతో తమ మహాసంస్థను ఆరంభించిన దేశమే కరాచీ లైసెన్సును నమ్మలేని స్థితి వచ్చెను. ఏ దోషమును ఎరుగని చోదకుడు తన రాజ్యముపై ఇతరుల నమ్మకము సడలిన దినమున తానుకూడ శంకితుడగును. 2014 జనవరిలో అమెరికా మన డీజీసీఏ పర్యవేక్షణను రెండవ శ్రేణికి దించి, 2015 ఏప్రిలులో గాని తిరిగి మొదటి శ్రేణి ఇయ్యకపోవుట మనము మరువరాదు.

కావున వైద్యము, భాష, పత్రముల యథార్థత, స్థానికనియమములు, సిమ్యులేటర్‌లో నైపుణ్యము: ఈ ఐదింటి విషయమున ఎంత కఠినముగా ఉన్నను తప్పు పట్టజాలను. ఆక్షేపింపవలసినది శాస్త్రపరీక్షల పునరావృత్తి. వాయువు తన ధర్మమును రాజ్యపు సరిహద్దులను చూచి మార్చుకొనదు. ఇరువదేండ్లు విమానమును నడపినవానికి రెక్క ఏల పైకి లేచునో మరల పరీక్షించుటవలన ప్రయాణికులకు కలుగు అదనపు క్షేమము అత్యల్పము. ఐరోపా అమెరికాల నడుమ ప్రైవేటు లైసెన్సుల పరస్పరమార్పిడికి ఏర్పాటు కుదిరియు, వాణిజ్య లైసెన్సులు దానికి వెలుపలనే నిలిచియుండుట ఈ సందర్భమున గమనింపదగినది. ప్రయాణికుల బాధ్యత వహించువాని విషయమున ఎక్కువ జాగ్రత్త వహించితిమని వారు చెప్పవచ్చును. అందు సత్యము లేకపోలేదు. ఐనను వినోదమునకు ఎగురువానికి తెరచిన తలుపు జీతమునకు ఎగురువానికి మూయబడుటలో స్వదేశపు ఉద్యోగముల రక్షణ కొంతయైన లేదనుట నమ్మశక్యము కాదు.

ఈ విషయమున భారతదేశపు వైఖరియు నిష్కల్మషము కాదు. 2017లో డీజీసీఏ చేసిన నియమము ప్రకారము, ఉద్యోగము విడువదలచిన కెప్టెను ఒక సంవత్సరము ముందుగను, కో-పైలటు ఆరు నెలలు ముందుగను తెలియజేయవలెను. ఏ గల్ఫ్ సంస్థయు ఒక సంవత్సరము వేచియుండుటకు సులభముగా అంగీకరింపదు. 2023లో ఒక్క సంవత్సరమున డీజీసీఏ 1,600కు మించి వాణిజ్య లైసెన్సులు ఇచ్చినను, కొత్త లైసెన్సు గలవాడు కెప్టెను అగుటకు ఏండ్లు పట్టును గనుక, అనుభవజ్ఞుల కొరత తీరలేదు. 2025లో జరిగిన ఇకావో మహాసభ ముందు మన ప్రభుత్వము, శిక్షణ పొందిన సిబ్బందిని ఇతరదేశముల సంస్థలు ఎగరవేసికొనిపోవుట తగదనియు, దీనికొక ప్రవర్తనానియమావళి కావలెననియు విన్నవించెను. కష్టపడి తీర్చిదిద్దిన కెప్టెనులను పోగొట్టుకొను సంస్థల బాధ అర్థము చేసికొనదగినదే. కాని తన అవసరమునకు విదేశీ కెప్టెనులను ఫాటాతో పిలిపించుకొన్న దేశము, తన కెప్టెనులు పోవుచోట నీతిని ప్రస్తావించుట కొంత ఎబ్బెట్టుగా తోచును. చోదకుని లైసెన్సును శిక్షణ ఫీజుల రూపమున కొనుక్కున్నది అతని కుటుంబమే గాని రాజ్యము కాదు గదా.

మార్పిడిలో కాలహరణమునకు ప్రధానకారణమైన పత్రనిర్ధారణము కొంత తేలికపడు సూచనలు కలవు. 2025 ఫిబ్రవరిలో, శ్రీకాకుళమునుండి లోక్‌సభకు ఎన్నికైన విమానయానమంత్రి కింజరాపు రామమోహన్ నాయుడు, కాగితమునకు బదులు ఫోనులోనే నిలిచి, క్యూఆర్ సంకేతముతో యథార్థతను అప్పటికప్పుడు చూపగల ఎలక్ట్రానిక్ లైసెన్సును ప్రవేశపెట్టిరి. చైనా తరువాత ఈ పని చేసిన రెండవ దేశము మనదేనని ప్రకటింపబడినది. ఇతర రాజ్యములు దీనిని నేరుగా చదివి నమ్ముటకు ఒప్పుకొన్ననాడు నెలల తరబడి సాగు ఉత్తరప్రత్యుత్తరములు నిమిషములకు దిగును.

ఐనను మార్చుటకు ఏ రాజ్యమునకును సాధ్యముకానిది ఒకటి కలదు: జ్యేష్ఠత. విమానసంస్థలలో ఏ విమానము, ఏ మార్గము, ఏ పండుగకు సెలవు అనునవి పెక్కింట చేరిన తేదీనిబట్టి నిర్ణయింపబడును. ఇచట పదునాలుగేండ్లు పనిచేసి కెప్టెనైనవాడు అచట కుడివైపు ఆసనమున, జాబితా అడుగున, తనకంటె పదేండ్లు చిన్నవాని వెనుక చేరవలసి రావచ్చును. అరువదియైదేండ్లు నిండగానే అంతర్జాతీయ వాణిజ్యయానము మానవలెనను నియమము ఆ మెట్లెక్కు కాలమునకు హద్దు పెట్టును. అందువలననే లోకము చూచిన కెప్టెనులు విదేశపు లైసెన్సు షరతులకంటె ముందు, ఆ సంస్థ నేరుగా కెప్టెనులను తీసికొనునా, లేక అందరిని కో-పైలట్లుగనే చేర్చుకొనునా అని విచారింతురు. తిరిగి వచ్చు తలపు గలవారు సెలవులకు ఇంటికి వచ్చినపుడు బంధువుల ఇండ్లకు పోకముందే భారతీయ మెడికలును, ఆంగ్లభాషా ధ్రువీకరణమును, లైసెన్సును గడువు తీరకుండ కాపాడుకొందురు. ఏలయన అవి చచ్చిన తరువాత వచ్చిన స్వదేశీయునకును డీజీసీఏ ముంగిట లభించునది ఇంచుమించు పరదేశి వరుసయే.